షిన్ నొప్పి: బరువు తగ్గడం ఆగకుండా కాలిని బాగుచేసుకోవడం ఎలా

పరుగు మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు బాగానే గడుస్తాయి. మూడో వారానికి ఆయాసం తగ్గి, ఇంకో కిలోమీటరు లాగించేయగలననే ధీమా వస్తుంది. సరిగ్గా అప్పుడే మోకాలికీ చీలమండకీ మధ్య, ఎముక లోపలి అంచు వెంబడి సలుపు మొదలవుతుంది. తొలిరోజుల్లో పరుగు మొదట్లో కాసేపు ఉండి, ఒళ్లు వేడెక్కాక పోతుంది. తర్వాత పరుగు అయ్యేదాకా వదలదు. ఆ తర్వాత మెట్లు దిగుతున్నా తెలుస్తుంది. దీన్నే షిన్ స్ప్లింట్స్ అంటారు. డాక్టర్లు చీటీ మీద రాసే పేరు మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్.

బరువు తగ్గాలని పరుగెత్తేవాళ్లకు ఈ నొప్పితోపాటు టెన్షన్ కూడా తోడవుతుంది. పరుగు ఆపితే తగ్గిన బరువు తిరిగి వచ్చేస్తుందేమోనని పళ్ల బిగువున భరిస్తూ పరుగెడతారు. నా ఉద్దేశంలో మామూలు నొప్పిని ముదరబెట్టేది ఎక్కువగా ఈ భయమే. అందుకే కింద చెప్పేదంతా ఒక్క పట్టు మీద నడుస్తుంది: బరువు తగ్గే పని వేరు, పరుగు నేర్చుకునే పని వేరు. మొదటిదాన్ని తెచ్చి రెండోదాని నెత్తిన పెట్టకండి. ఆ రెంటినీ విడదీస్తే కాలు బాగయ్యేదాకా ఆగడం పెద్ద కష్టమనిపించదు.

ఎముక ఎందుకు మొరాయిస్తుంది

గుండె, ఊపిరితిత్తులు తొందరగా దారికొస్తాయి. కండరాలకు ఇంకొంచెం సమయం పడుతుంది. ఎముకకు నెలలు కావాలి. పరుగులో వేసే ప్రతి అడుగుకూ నేల నుంచి శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం ఎదురు తగులుతుంది. నడకలో అది శరీర బరువు కంటే కాస్త ఎక్కువ, అంతే. 80 కిలోల మనిషి నెమ్మదిగా 3 కిలోమీటర్లు పరుగెత్తితే ఒక్కో కాలు సుమారు 1,900 సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ దాదాపు 200 కిలోలు మోపినంత. దీనికి పిక్క కండరాల లాగుడు అదనం. ఇంత బలానికి ఆ ఎముక కంటికి కనిపించనంత వంగి, మళ్లీ నిటారవుతుంది.

ఆ వంపులకు స్పందనగా ఎముక తనను తాను గట్టిచేసుకుంటుంది. అయితే ఆ పని రోడ్డు మరమ్మతులా సాగుతుంది. ముందు పాతది తవ్వాలి, తర్వాతే కొత్తది వేయాలి. తవ్వకం కొన్ని వారాల్లో అయిపోతుంది. కొత్త ఎముక నిండి గట్టిపడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆ చోటు మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. ఊపిరి కుదురుకుని మీరు దూరం పెంచేసేది కూడా ఆ వారాల్లోనే. తవ్విన రోడ్డు మీద బండ్ల రద్దీ పెరిగినట్టు అవుతుంది పరిస్థితి.

బరువు ఎక్కువున్నవాళ్లకు, పరుగుకు కొత్తవాళ్లకు, ఆడవాళ్లకు, నిలబడితే పాదం లోపలివైపుకు బాగా వాలేవాళ్లకు, ఇదివరకు ఒకసారి ఈ నొప్పి వచ్చినవాళ్లకు ముప్పు ఎక్కువ. స్థూలకాయం ఉన్న కొత్త రన్నర్లు మొదటి వారంలోనే మొత్తం 3 కిలోమీటర్లు దాటి పరుగెత్తితే గాయాల ముప్పు పెరగొచ్చని 2014లో డెన్మార్క్ పరిశోధకులు గమనించారు. ఒక్కరోజులో కాదు, వారం మొత్తానికి 3 కిలోమీటర్లు. మొదటిరోజే 5 కిలోమీటర్లు పూర్తిచేశానని సంబరపడేవాళ్లు ఈ అంకెను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మొదటి అడుగు: నొప్పి ఏ రకమో తేల్చుకోండి

మందులు, ఐసు, కొత్త షూస్ అన్నీ దీని తర్వాతే. షిన్ దగ్గర వచ్చే ప్రతి నొప్పీ షిన్ స్ప్లింట్స్ కాదు. ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష ఉంది.

కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద పెట్టుకోండి. పిక్క కండరం వచ్చి ఎముకను కలిసే అంచు ఇప్పుడు పైకి కనిపిస్తుంది. చీలమండ గుబ్బకు నాలుగు వేళ్ల పైన మొదలుపెట్టండి. ఆ అంచు మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతూ, ఒక్కో వేలి వెడల్పు చొప్పున మోకాలివైపు జరగండి. నొక్కిన ప్రతిచోటా నొప్పికి 0 నుంచి 10 లోపు మార్కు వేయండి. నొప్పి మొదలైన చోట, ఆగిన చోట పెన్నుతో చిన్న గీతలు పెట్టి, ఆ మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. రెండో కాలికీ ఇలాగే చేస్తే మామూలుగా నొక్కితే ఎంత నొప్పి ఉంటుందో పోలిక దొరుకుతుంది.

నొప్పి 5 సెంటీమీటర్లు, అంతకుమించి పొడవునా పరుచుకుని ఉంటే షిన్ స్ప్లింట్స్ అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే చోట, నాణెమంత జాగాలో, నొక్కగానే కాలు వెనక్కి లాక్కునేంత నొప్పి ఉంటే ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని అనుమానించాలి. రాత్రి పడుకున్నప్పుడు సలపడం, మామూలు నడకలోనే నొప్పి రావడం, ఆ చోట వాపు రావడం, ఎముక ముందు అంచు మీదే నొప్పి ఉండటం కూడా అదే అనుమానాన్ని బలపరుస్తాయి. ఈ పరిస్థితిలో ఒంటికాలి మీద గెంతి చూసుకోవద్దు. పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనపడకపోవడం మామూలే. ఎక్స్‌రే బాగుందని చెప్పాక కూడా నొప్పి అలాగే ఉంటే ఎంఆర్‌ఐ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

నొప్పి ఎముకకు బయటివైపు, కండరంలో ఉంటే అది పాదాన్ని పైకి లేపే కండరం అలసిపోవడం. వేగంగా నడిచేవాళ్లలో, అడుగు బాగా ముందుకు చాచి మడమ దబదబా వేసేవాళ్లలో ఇది ఎక్కువ. సాధారణంగా తొందరగా తగ్గిపోతుంది. ఇంకో రకంలో పరుగు మొదలైన కొన్ని నిమిషాలకు, ప్రతిసారీ దాదాపు అదే సమయానికి, కాలు బిగుసుకుపోయి పాదం మొద్దుబారుతుంది. ఆపిన కాసేపటికి మామూలైపోతుంది. కండరాల చుట్టూ ఉన్న పొర లోపల ఒత్తిడి పెరగడం దీనికి ఒక కారణం. దీనికి ఇంటి వైద్యం పనిచేయదు, డాక్టర్ చూడాల్సిందే.

ఒక్కోసారి అసలు వాయిదా వేయకూడదు. ఒక్క కాలి పిక్కే వాచి, వేడెక్కి, ఎర్రబడితే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దెబ్బ తగిలిన తర్వాత గానీ, ఎప్పుడూ లేనంత శ్రమ చేసిన తర్వాత గానీ కాలు రాయిలా గట్టిపడి, విశ్రాంతిలో ఉన్నా నొప్పి పెరుగుతూ పోతుంటే అదీ వాయిదా వేయకూడనిదే. ఈ రెండూ అత్యవసరాలు. అదేరోజు, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండో అడుగు: రెండు వారాలు కాలికి ఊపిరి పోయండి

పరుగు, గెంతులు, స్కిప్పింగ్ ఆపేయండి. మంచం మీద పడుకోనక్కర్లేదు. నొప్పి రానంత దూరం నడవొచ్చు. నడకలోనూ నొప్పి వస్తుంటే దూరం సగానికి తగ్గించండి. అప్పటికీ ఉంటే పైన చెప్పిన పగులు అనుమానం దగ్గరికి తిరిగి వెళ్లండి.

ఐసును గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెడితే సలుపు తగ్గుతుంది. అది ఉపశమనమే, చికిత్స కాదు. పెట్టకపోయినా ఎముక మానడంలో తేడా రాదు. నొప్పి మాత్రల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను: పరుగుకు ముందు మాత్ర వేసుకోవద్దు. ఎముక పంపే హెచ్చరికను నొక్కేసి, అదే ఎముక మీద బరువు వేసినట్టవుతుంది. ఐబుప్రొఫెన్ లాంటి మందులు ఎముక మానడాన్ని నెమ్మది చేయొచ్చన్న అనుమానం కూడా ఉంది కాబట్టి రోజుల తరబడి వాడాల్సి వస్తే డాక్టర్ సలహాతోనే వాడాలి.

పిక్క కండరాన్ని మసాజ్ చేసుకోవచ్చు, ఫోమ్ రోలర్ మీద దొర్లించొచ్చు. నొప్పి ఉన్న ఎముక అంచును మాత్రం రుద్దకండి. బిగుతు సాక్సులు, రంగురంగుల టేపులు వేసుకుంటే హాయిగా ఉందనిపిస్తే వేసుకోండి. వాటివల్ల త్వరగా నయమవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. స్ట్రెచింగ్ కూడా అంతే, మంచిదే గానీ దాని మీద ఆశలన్నీ పెట్టుకోవద్దు.

రెండు మూడు రోజులకోసారి బొటనవేలి పరీక్ష చేసి, మార్కులూ సెంటీమీటర్లూ ఫోన్‌లో రాసుకోండి. నొప్పి పొడవు, మార్కు రెండూ తగ్గుతుంటే దారిలో ఉన్నట్టే. రెండు వారాలు పరుగు పూర్తిగా ఆపినా ఏమాత్రం తేడా లేకపోతే ఇంకా ఎదురుచూడకుండా చూపించుకోండి.

మూడో అడుగు: బరువు లెక్కను పరుగు ఖాతా నుంచి తీసేయండి

ఒకసారి కాగితం మీద లెక్క వేద్దాం. పరుగులో శరీర బరువులోని ఒక్కో కిలోకూ, కిలోమీటరుకు సుమారు 1 కేలరీ ఖర్చవుతుంది. వేగం మార్చినా ఈ లెక్క పెద్దగా మారదు. 80 కిలోల మనిషి 3 కిలోమీటర్లు పరుగెత్తితే 240 కేలరీలు. వారానికి మూడుసార్లయితే 720. ఒక కిలో కొవ్వులో ఉండేవి సుమారు 7,700 కేలరీలు. అంటే తిండి ఏమీ మార్చకుండా పరుగు ఒక్కదాన్నే నమ్ముకుంటే కిలో తగ్గడానికి పది వారాల పైనే పడుతుంది. అదే తిండిలో రోజుకు 400 కేలరీలు తగ్గిస్తే మూడు వారాలు తిరక్కుండానే అంత లోటు ఏర్పడుతుంది. ఒళ్లు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి అసలు జీవితంలో ఇంత లెక్కప్రకారం జరగదు, కానీ ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియడానికి ఇది చాలు.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. మూడు వారాలు పరుగు పూర్తిగా మానేస్తే ఖర్చు కానివి 2,160 కేలరీలు. కొవ్వు రూపంలో 300 గ్రాములకు లోపే. ఆ 300 గ్రాముల కోసం నొప్పి మీద పరుగెత్తి, నెలల తరబడి మూలన కూర్చోబెట్టే పగులును కొనితెచ్చుకోవడం తెలివైన బేరం కాదు.

పైగా ఈ మూడు వారాలూ శరీరాన్ని ఖాళీగా ఉంచక్కర్లేదు. కిలోమీటరు నడకకు పరుగులో ఖర్చయ్యే కేలరీల్లో మూడింట రెండు వంతులు ఖర్చవుతాయి. 3 కిలోమీటర్ల పరుగు వదిలేసినచోట నాలుగున్నర కిలోమీటర్లు నడిస్తే లెక్క సరిపోయింది, కాలికి దెబ్బా తగ్గింది. ఒకేసారి గంట నడిచే బదులు పొద్దున అరగంట, సాయంత్రం అరగంటగా విడగొడితే ఎముకకు ఇంకా మంచిది. వరసగా పడే తాకిడికి ఎముక కాసేపటికి స్పందించడం తగ్గిస్తుంది, కొన్ని గంటల విరామం ఇస్తే ఆ స్పందన తిరిగి వస్తుంది. గుండెకు పని చెప్పాలంటే సైకిల్, స్విమ్మింగ్, ఎలిప్టికల్ మెషీన్ ఉన్నాయి. లోతునీళ్లలో నడుముకు తేలే బెల్టు కట్టుకుని పరుగు తీసే పద్ధతి కూడా ఉంది. నేల తగలదు, ఆయాసం మాత్రం అసలు పరుగంతా వస్తుంది. చూసేవాళ్లకు కొంచెం నవ్వొస్తుంది, రానివ్వండి.

చేతి గడియారం చూపించే కేలరీలను నమ్మి ఆ మేరకు తినేయకండి. అవి చాలాసార్లు అసలుకంటే ఎక్కువే చూపిస్తాయి.

ఇక దీనికి రెండోవైపు. పరుగు ఆగిందన్న కంగారులో తిండి మరీ కోసేస్తే మొదట నష్టపోయేది మళ్లీ ఎముకే. శరీరానికి చాలినంత శక్తి అందనప్పుడు కొత్త ఎముక కట్టే పనిని అది వాయిదా వేస్తుంది, హార్మోన్లు తగ్గుతాయి. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఆటగాళ్ల కోసం పెట్టిన పేరే అయినా, కడుపు మాడ్చుకుని పరుగెత్తే ఎవరికైనా వర్తిస్తుంది. ఆడవాళ్లలో నెలసరి క్రమం తప్పడం లేదా ఆగిపోవడం దీనికి స్పష్టమైన సూచన. దాన్ని బరువు తగ్గడంలో భాగమే అని సరిపెట్టుకోకండి.

అందుకని వారానికి శరీర బరువులో అర శాతం నుంచి 1 శాతం వరకు తగ్గడమే లక్ష్యంగా పెట్టుకోండి. 80 కిలోల మనిషికి అది 400 నుంచి 800 గ్రాములు. కాలు మానుతున్న రోజుల్లో ఆ కింది అంకె దగ్గరే ఉండటం మంచిది. రోజుకు 300 నుంచి 500 కేలరీల లోటు చాలు. ప్రొటీన్ శరీర బరువులోని కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు ఉండేలా చూసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ అంకెను ముందు డాక్టర్‌కు చెప్పాలి. క్యాల్షియం పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1,000 మిల్లీగ్రాములు కావాలి. విటమిన్ డి తక్కువుందేమోనని అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటేనే మాత్రలు వేసుకోండి. ఆకలిని తగ్గించే మందులతో బరువు తగ్గుతున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆకలి లేదు కదా అని రోజంతా ఏమీ తినకుండా గడిచిపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది.

నాలుగో అడుగు: పిక్కకు బలం

పరుగులో ఎముక మీద పడే వంపును కొంత తగ్గించేది పిక్క కండరమే. అది తొందరగా అలసిపోతే భారమంతా ఎముక మోస్తుంది. నడకలో నొప్పి పోయిన రోజు నుంచే ఈ కసరత్తులు మొదలుపెట్టొచ్చు, రోజు విడిచి రోజు.

అన్నిటికంటే ముఖ్యమైనది మడమలు ఎత్తడం. గోడకు వేళ్లు ఆనించి నిలబడండి. మడమలను రెండు సెకన్లలో పైకెత్తి, ఒక సెకను ఆగి, మూడు సెకన్లలో దించండి. పైకి లేచినప్పుడు బరువు చిటికెన వేలివైపు జారిపోతుంటుంది. దాన్ని బొటనవేలి మొదలు మీద నిలపండి, చీలమండ బయటికి ఒరగనివ్వకండి. రెండు కాళ్లతో 12 చొప్పున మూడు విడతలు తేలిగ్గా అయ్యాక ఒంటికాలికి మారండి. ఒంటికాలి మీద ఆపకుండా, మడమ ఎత్తు తగ్గకుండా 20 నుంచి 25 చేయగలగడం లక్ష్యం. బరువు ఎక్కువున్నవాళ్లకు మొదట ఐదారే వస్తాయి. రెండో కాలి వేలికొనలు నేలకు ఆనించి కాస్త సాయం తీసుకుంటూ పెంచుకోవచ్చు.

ఇదే పనిని మోకాలు కొంచెం వంచి కూడా చేయాలి. మోకాలు వంచితే పని పిక్క లోపలి పొరలో ఉన్న సోలియస్ కండరానికి వెళుతుంది. పరుగులో అది మోసే భారం శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుందని అంచనా. చాలామంది దీన్ని వదిలేస్తారు.

మిగతావి క్లుప్తంగా: గోడకు వీపు ఆనించి, పాదాలు అడుగు ముందుకు పెట్టి, మడమల మీద నిలబడి వేళ్లను పైకి లాగడం, 15 చొప్పున మూడు విడతలు. పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జి, ఈ రెండూ తుంటి కండరాలకు. వేళ్లు ముడవకుండా అరికాలి గుంతను పైకి లాగి పట్టడం పాదానికి.

కసరత్తు తర్వాత కండరంలో నొప్పి ఒకటి రెండు రోజులుంటే సరే. ఎముక అంచులో నొప్పి పెరిగితే ఎక్కువైనట్టు. బలం కసరత్తులు కొత్తగా మొదలుపెట్టిన వారంలో కండరాలు నీరు పట్టి తూకం కిలో దాకా పెరగొచ్చు. అది కొవ్వు కాదు కాబట్టి తిండి ఇంకా తగ్గించేయకండి.

అయిదో అడుగు: మళ్లీ పరుగులోకి

తేదీ చూసి కాదు, కాలును చూసి మొదలుపెట్టాలి. 45 నిమిషాలు చురుగ్గా నడిచినా ఆరోజూ మర్నాడూ నొప్పి లేకపోవడం, ఎముక అంచు నొక్కితే దాదాపు మామూలుగా ఉండటం, ఒంటికాలి మీద 20 సార్లు మడమ ఎత్తగలగడం. ఈ మూడూ కుదిరాకే ఆఖరి పరీక్ష: ఒంటికాలి మీద 10 గెంతులు. నొప్పి లేకపోతే పరుగుకు పచ్చజెండా. తేలికపాటి నొప్పులకు ఇక్కడిదాకా రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. నెలల తరబడి నెట్టుకొచ్చిన నొప్పికి ఇంకా ఎక్కువే పడుతుంది.

తర్వాతి ఎనిమిది వారాలు ఇలా నడిపించొచ్చు. వారానికి మూడు రోజులు, ప్రతి పరుగుకూ మధ్య కనీసం ఒకరోజు విరామం, ముందు ఐదు నిమిషాల నడక తప్పనిసరి.

- 1వ వారం: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, 6 సార్లు
- 2వ వారం: అదే, 8 సార్లు
- 3వ వారం: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 5 సార్లు
- 4వ వారం: 3 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 4 సార్లు
- 5వ వారం: 5 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 3 సార్లు
- 6వ వారం: 6 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 3 సార్లు
- 7వ వారం: 10 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 2 సార్లు
- 8వ వారం: 12 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 2 సార్లు

మొదటి వారం మొత్తం కలిపినా పరుగు 18 నిమిషాలే. ఇదేం పరుగు అనిపిస్తుంది, అలా అనిపించాలి కూడా. బరువు తగ్గే పని తిండీ నడకా చూసుకుంటున్నాయి కాబట్టి దీనికి తొందరేం లేదు.

పరుగులో నొప్పి 10కి 0 లేదా 1 ఉంటే కొనసాగించండి. 2, 3 ఉంటే ఆరోజుకు నడకకు మారిపోయి, తర్వాతి సారి అదే వారం పాఠం మళ్లీ చేయండి. 3 దాటినా, కుంటుతున్నా అక్కడే ఆపి, నొప్పి పూర్తిగా తగ్గాక ఒక వారం వెనక్కి వెళ్లండి. అయితే అసలు తీర్పు చెప్పేది మర్నాటి పొద్దున. మంచం దిగి వేసే మొదటి నాలుగు అడుగుల్లో ఎముక పట్టేసినట్టుంటే నిన్నటిది ఎక్కువైనట్టే, పరుగెత్తినప్పుడు ఎంత హాయిగా ఉన్నా సరే.

వారానికి 10 శాతం మించి పెంచకూడదన్న మాట మీరు వినే ఉంటారు. 2008లో నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్లను రెండు జట్లుగా చేసి ఆ పద్ధతిని పరీక్షిస్తే, నెమ్మదిగా పెంచిన జట్టులోనూ గాయాలు తగ్గలేదు. అంటే అంకెను పట్టుకుని వేలాడితే రక్షణ దొరకదు, కాలు చెప్పేది వినాలి. ఒక వారంలో దూరం, వేగం, ఎత్తుపల్లాలు వీటిలో ఒక్కటే పెంచండి. ఎనిమిది వారాలు నిండేదాకా వేగం జోలికి అసలు పోకండి.

ఆరో అడుగు: అడుగు తీరు, షూస్, నేల

పరుగు తీరులో మార్చాల్సింది ఒక్కటే, అడుగు చిన్నది చేయడం. నిమిషంలో ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టండి. ఒక కాలు తాకే సార్లు 30 సెకన్లపాటు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే వస్తుంది. 156 వచ్చిందనుకోండి, దాన్ని 5 నుంచి 10 శాతం పెంచి 164 నుంచి 172 మధ్యకు తీసుకురండి. వేగం పెరగకూడదు, అడుగు పొడవు తగ్గాలి. పాదం శరీరానికి మరీ ముందు కాకుండా కిందకు దగ్గరగా పడుతుంది, దెబ్బ తగ్గుతుంది. లయ తప్పకుండా టిక్‌టిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే తేలిక. అందరికీ 180 ఉండాలన్న మాటను పట్టించుకోకండి. మడమ బదులు మునివేళ్ల మీద పరుగెత్తమనే సలహా కూడా ఇప్పుడు వద్దు, అది పిక్క మీద భారం పెంచుతుంది.

షూస్ 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక అడుగు మెత్తదనం పోతుంది. బరువు ఎక్కువున్నవాళ్లు కింది అంకె దగ్గరే మార్చుకోవాలి. కొనేటప్పుడు వేసుకుని చూడగానే హాయిగా ఉన్నవి తీసుకోండి, ఖరీదును బట్టి కాదు. పలుచని అట్టలాంటి షూస్‌లోకి, లేదా ఉత్తకాళ్లతో పరుగులోకి ఉన్నట్టుండి మారడం ఈ సమయంలో ప్రమాదం. పాదం బాగా లోపలికి వాలేవాళ్లకు షూస్ లోపల వేసే ఇన్‌సోల్స్ కొందరికి పనికొస్తాయి. రెడీమేడ్‌వి వాడి చూశాకే కొలతలిచ్చి చేయించుకోవడం గురించి ఆలోచించండి.

మెత్తని నేల కోసం మరీ వెతుక్కోనక్కర్లేదు. చదునుగా ఉంటే చాలు. రోడ్డు అంచున ఎప్పుడూ ఒకేవైపు పరుగెడితే వాలు వల్ల ఒక కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. దిగుడు దారులు కొన్నాళ్లు మానండి. ట్రెడ్‌మిల్ ఉంటే మొదటి వారాలకు మంచిదే.

మళ్లీ వస్తే

ఈ నొప్పి ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, తగ్గాక కూడా మడమలెత్తే కసరత్తును వారానికి రెండుసార్లు వదలకండి. ఏ కారణంతోనైనా రెండు మూడు వారాలు పరుగు ఆగిపోతే, ఆపిన చోట కాకుండా పట్టికలో రెండు మూడు వారాలు వెనక నుంచి మొదలుపెట్టండి. తిరిగి వచ్చిన నొప్పి ఈసారి పొడవుగా కాక ఒకేచోట చేరినట్టు బొటనవేలికి తెలిస్తే పట్టిక పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఫోన్‌లో రాసుకున్న మార్కులు, సెంటీమీటర్లు చూపించండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, అంతకుముందు నెలలో దూరం ఎలా పెరిగింది, బరువు ఎంత వేగంగా తగ్గింది, రోజుకు ఎంత తింటున్నారు అన్నవి అడగకపోయినా చెప్పండి. ఆడవాళ్లు నెలసరి సంగతి, స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లు ఆ సంగతి దాచొద్దు. పరుగెత్తే షూస్ కూడా వెంట తీసుకెళ్లండి. అడుగు ఎటువైపు అరిగిందో చూస్తే ఫిజియోథెరపిస్టుకు మీ పాదం ఎలా పడుతోందో కొంత తెలుస్తుంది.